బీసీఐ ప్రాజెక్టా? ముందు హెడ్‌సెట్ కొనకండి, రోబో చేయి అసలే కొనకండి

ప్రాజెక్టు టాపిక్‌లు ఖరారు చేసే నెల రాగానే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, ఆలోచనతో రోబో చేయిని కదిలించే ప్రాజెక్టు తీసుకున్నాం, ఏ హెడ్‌సెట్ కొనమంటావ్?" ఇలా మెదడు సిగ్నల్‌తో యంత్రాన్ని నడపడాన్నే బీసీఐ, బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అంటారు. ఇంకా ఏమీ కొనకండి అంటే ఎవరికీ నచ్చదు. డబ్బు దండగ అని కాదు నేననేది. కొన్న వస్తువు చేతికి రాగానే అందరూ దాన్ని ఆన్ చేసే పనిలో పడతారు. బ్లూటూత్ కుదరడానికి రెండు వారాలు, రోబో మోటార్లు వేడెక్కకుండా చూసుకోవడానికి ఇంకో నెల, ఈలోగా వైవా వచ్చేస్తుంది. మనం చదువుతున్నది మెదడునేనా అన్న అసలు ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నా కాబట్టి చెబుతున్నా.

బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ఎంటెక్ వాళ్లు, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు, వీళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నా. పైథాన్ కాస్త వస్తే చాలు, న్యూరోసైన్స్ దారిలో నేర్చుకోవచ్చు.

వీడియోలో చూసింది వేరు, మీ చేతికొచ్చేది వేరు

చాలామందిని ఈ రంగంలోకి లాగింది ఒక వీడియో. అమెరికాలో బ్రెయిన్‌గేట్ పరిశోధనలో పాల్గొన్న కాతీ హచిన్సన్ అనే ఆవిడకు స్ట్రోక్ వల్ల కాళ్లూ చేతులూ మాటా పోయాయి. సుమారు 15 ఏళ్ల తర్వాత ఆవిడ తన ఆలోచనతోనే రోబో చేయిని నడిపి, కాఫీ సీసాను నోటి దాకా తెచ్చుకుని స్ట్రాతో తాగారు. 2012లో నేచర్ పత్రికలో ఆ పని అచ్చయింది. అది చూసి కదలని మనిషి ఉండడు. కానీ ఆవిడ మెదడులో, చేతిని నడిపే భాగంలో, 96 ఎలక్ట్రోడ్ల చిప్ ఒకటి ఆపరేషన్ చేసి పెట్టారు. నాలుగు మిల్లీమీటర్ల చదరం, అంటే మన కందిబద్దంత. న్యూరాన్ల చప్పుడును అది పక్కనే కూర్చుని వింటుంది. 2024లో ఇలాన్ మస్క్ కంపెనీ న్యూరాలింక్ మొదటిసారి మనిషికి అమర్చిన దాంట్లో అయితే 1,024 ఎలక్ట్రోడ్లున్నాయి.

మనం వాడబోయేది ఈఈజీ, అంటే తల పైన క్యాప్ పెట్టి మెదడు విద్యుత్ సిగ్నల్‌ను పట్టడం. 1924లో జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మీద తీసిన సిగ్నలే ఇది, వందేళ్లలో యంత్రాలు మారాయి గానీ మధ్యలో ఉన్న పుర్రె ఎముక మారలేదు. తలపైకి వచ్చేసరికి సిగ్నల్ పది నుంచి వంద మైక్రోవోల్టులు ఉంటుంది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు కదా, అందులో లక్షో వంతు 15 మైక్రోవోల్టులు, అదీ లెక్క. పక్కింట్లో టీవీ మోగుతుంటే గోడకు చెవి ఆనించి వినండి, వచ్చేది సీరియలా వార్తలా అన్నది తెలుస్తుంది, డైలాగు మాత్రం తెలియదు. ఈఈజీతో మనకు తెలిసేదీ అంతే. "కప్పు పట్టుకో" అనే ఆలోచన అందులో దొరకదు. కుడిచేతి గురించి అనుకుంటున్నాడా ఎడమచేతి గురించా, ఈ పెట్టె వైపు చూస్తున్నాడా ఆ పెట్టె వైపా, ఆ మాత్రం దొరుకుతుంది.

దారులు ప్రధానంగా మూడు. స్క్రీన్ మీద నాలుగైదు పెట్టెలు వేర్వేరు వేగాలతో మిణుకుమంటుంటే, సెకనుకు 12 సార్లు మిణికే పెట్టెను చూస్తున్నవాళ్ల తల వెనక భాగంలో అదే 12 హెర్ట్జ్ కనిపిస్తుంది, దీన్ని ఎస్‌ఎస్‌వీఈపీ అంటారు. రెండోది పీ300. ఎదురుచూస్తున్న అక్షరం తళుక్కుమన్న సుమారు 300 మిల్లీసెకన్లకు వచ్చే స్పందన అది, 1988లో ఫార్వెల్, డోంచిన్ 36 గళ్ల పలకతో టైపింగ్ చేయించింది దీనితోనే. మూడోది మోటార్ ఇమేజరీ, చేతిని కదిలించకుండా కదిలిస్తున్నట్టు ఊహించుకోవడం. కుడిచేతిని ఊహించుకుంటే తలకు ఎడమ వైపు, సీ3 అనే చోట, 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండే మ్యూ లయ తగ్గుతుంది. ఎడమచేతికి సీ4 దగ్గర.

అందరూ మూడోదే కావాలంటారు, వినడానికి అదే "నిజమైన ఆలోచన"లా ఉంటుంది కాబట్టి. రోబో కదలాలి, మూడు నెలల్లో కదలాలి అంటే నేను మొదటిది తీసుకోమంటా. శిక్షణ పెద్దగా అక్కర్లేదు, ఎక్కువ మందికి పనిచేస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్ల మీద మాత్రం మిణుకు పెట్టెలు ప్రయోగించొద్దు, ముందే అడిగి తెలుసుకోండి. మోటార్ ఇమేజరీలో ఇంకో చిక్కుంది. నూటికి 15 నుంచి 30 మందికి ఎంత ప్రయత్నించినా సరైన సిగ్నల్ రాదని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాటే. మీ టీంలో ఉన్నదే నలుగురైతే అందులో ఒకరు ఆ కోవలో ఉండొచ్చు. వాళ్లని "నువ్వు సరిగ్గా ఊహించట్లేదు" అని తిట్టకండి.

మొదటి నెల: వేరేవాళ్ల డేటాతో

చివరికి ఏ దారి తీసుకున్నా, ముందు మోటార్ ఇమేజరీ డేటాతో చేయి తిప్పుకోండి. ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో 109 మంది ఈఈజీ ఉచితంగా ఉంది. 64 చానళ్లు (ఒక్కో ఎలక్ట్రోడ్ ఒక చానల్), సెకనుకు 160 శాంపిళ్లు, ఒక్కొక్కరికి 14 రన్‌లు. అందులో 4, 8, 12 రన్‌లలో ఎడమ, కుడి పిడికిళ్లను ఊహించుకోవడం ఉంటుంది, ముందు అవి చాలు. 88, 92, 100 నంబర్ల వాళ్ల ఫైళ్లలో శాంప్లింగ్ వేగం వేరుగా ఉంటుంది, పక్కన పెట్టేయండి, లేకపోతే కోడ్ ఎందుకు పగులుతోందో తెలియక ఒక రాత్రి పోతుంది. ఆ డేటా తీసింది అమెరికాలో, కాబట్టి అందులో కరెంటు రొద 60 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. రేపు మీరు మన దగ్గర తీసేదాంట్లో 50 దగ్గర ఉంటుంది. పాత కోడ్‌లో ఈ రొదను తీసేసే నాచ్ ఫిల్టర్ నంబరు మార్చడం మర్చిపోయినవాళ్లను నేను ముగ్గురిని చూశా, అందులో ఒకణ్ణి నేనే.

ఈఈజీ విశ్లేషణకు ఎంఎన్‌ఈ అనే పైథాన్ లైబ్రరీ వేసుకోండి. 8 నుంచి 30 హెర్ట్జ్ దాకా ఉంచి మిగతాది వడకట్టండి, ఒక్కో ట్రయల్‌ను, అంటే ఒక్కసారి ఊహించుకున్నంత సేపటి సిగ్నల్‌ను, ముక్కగా కోయండి, సీఎస్‌పీ అనే పద్ధతితో రెండు ఊహలకూ తేడా బాగా కనిపించే చానళ్ల కలయికలు పట్టుకోండి, ఆ మీద ఏది ఎడమ, ఏది కుడి అని తేల్చడానికి మామూలు ఎల్‌డీఏ వర్గీకరణ. ఇరవై ఏళ్ల పైబడిన పద్ధతే, అయినా మీరు కొత్తగా ఏం చేసినా ముందు దీన్ని దాటాలి. డీప్ లెర్నింగ్ మీద మోజుంటే 2018లో అచ్చయిన ఈఈజీనెట్ ఉంది, చిన్న నెట్‌వర్క్, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. దాన్ని రెండో నెలకు ఉంచండి.

తర్వాత బీసీఐ కాంపిటీషన్ 4లోని 2ఏ డేటాసెట్‌కు వెళ్లండి. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తీసింది. తొమ్మిది మంది, 22 ఈఈజీ చానళ్లు, నాలుగు ఊహలు: ఎడమ చేయి, కుడి చేయి, పాదాలు, నాలుక. దీంట్లో నాకు నచ్చేది ఏంటంటే ఒక్కొక్కరినీ రెండు వేర్వేరు రోజుల్లో రికార్డు చేశారు, రోజుకు 288 ట్రయల్స్. మొదటి రోజు దానితో నేర్పి రెండో రోజు దాని మీద పరీక్షించండి. నిద్ర సరిపోకపోయినా, క్యాప్ అర సెంటీమీటరు జరిగినా సిగ్నల్ ఎంత మారిపోతుందో అప్పుడు అర్థమవుతుంది. ఆ పోటీలో గెలిచిన పద్ధతికి సగటున కప్పా (గుడ్డిగా ఊహించినా వచ్చేదాన్ని తీసేసి చూపే కొలత) 0.57 వచ్చింది. నాలుగు తరగతులకు, అంటే నాలుగు ఊహలకు, అది సుమారు 68 శాతం కచ్చితత్వం. మీకు మొదటి వారంలోనే 95 వచ్చిందంటే స్వీట్లు పంచకండి, కోడ్ తెరవండి.

ఎక్కడ చూడాలో చెబుతా. ఒకే ట్రయల్‌ను ఒకదానిమీద ఒకటి పడే చిన్న ముక్కలుగా కోసి, వాటిని కలగలిపి సగం నేర్పడానికి, సగం పరీక్షకు పెడితే ప్రశ్నపత్రం లీకైనట్టే, పరీక్షలో వచ్చిన ముక్కకు కవల సోదరుడు నేర్చుకున్నదాంట్లోనే ఉంటాడు. విడగొట్టడమంటూ చేస్తే ట్రయల్ స్థాయిలోనో, ఇంకా మంచిదంటే రోజు స్థాయిలోనో చేయాలి. సీఎస్‌పీని మొత్తం డేటా మీద ఒకసారి నడిపి తర్వాత విడగొట్టడం ఇంకో తప్పు, ఇది చాలామంది తెలియకుండా చేస్తారు. ఇక ట్రయల్స్ తక్కువగా ఉంటే గుడ్డిగా ఊహించినా కాస్త ఎక్కువే వస్తుంది. రెండు తరగతులు, మొత్తం 40 ట్రయల్స్ అనుకోండి, నాణెం ఎగరేసినా 50 శాతం వస్తుంది కదా అని 60 వస్తే సంబరపడకూడదు. 40లో కనీసం 26 సరైతేనే, అంటే 65 శాతం వస్తేనే, అది అదృష్టం కాదని ఐదు శాతం అనుమానంతో చెప్పగలం.

మా 90 శాతం కథ

మా మొదటి డెమోలో కచ్చితత్వం తొంభై దాటింది. స్క్రీన్ మీద ఎడమ బాణం వస్తే ఎడమ చేయి, కుడి బాణం వస్తే కుడి చేయి ఊహించుకోవాలి. ఫిల్టర్ వేయకుండా ముడి సిగ్నల్‌నే నెట్‌వర్క్‌కి ఇచ్చాం, అదే తెలివైన పని అనుకున్నాం. ప్యానెల్‌లో ఒక మేడం, "సీ3, సీ4 తీసేసి నడపండి చూద్దాం" అన్నారు. తీసేశాం. కచ్చితత్వం కదల్లేదు. చేతుల సిగ్నల్ ఉండాల్సిన చోటే తీసేస్తే కూడా పడిపోకపోతే మేము చదువుతున్నది ఏంటి? కళ్లు. బాణం ఎటు ఉంటే అటు చూపు పోతోంది, కంటిగుడ్డు తిరిగితే నుదుటి ఎలక్ట్రోడ్లలో వచ్చే వోల్టేజీ మెదడు సిగ్నల్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. నెట్‌వర్క్ తేలిక దారి వెతుక్కుంది, పాపం దాని తప్పేం లేదు.

అప్పట్నుంచి నేను ఎవరి ఫలితం చూసినా మూడు పరీక్షలు పెడతా. నుదుటి చానళ్లు మాత్రమే ఇచ్చి నడపండి, బాగా పనిచేస్తే మీరు చదువుతున్నవి కళ్లు. కణతల దగ్గర ఉన్న చానళ్లు మాత్రమే ఇవ్వండి, బాగా పనిచేస్తే అది దవడ. చివరగా సీఎస్‌పీ పటాలు, అంటే తల మీద ఏ చోటు సిగ్నల్ ఎంత వాడుకుందో చూపే బొమ్మలు, గీసి చూడండి, సీ3, సీ4 దగ్గర కాకుండా అంచుల్లో వెలుగుతుంటే అనుమానించండి. బాణం బదులు మధ్యలోనే ఒక అక్షరమో రంగో చూపిస్తే ఈ గొడవలో సగం పోతుంది.

ఇందులో ఒక పక్క మాట ఉంది. దవడ బిగించి రోబోను నడపడం చెడ్డ పనేమీ కాదు, దాన్ని "ఆలోచన" అని చెప్పడమే తప్పు. స్టీఫెన్ హాకింగ్ ఏళ్ల తరబడి మాట్లాడింది చెంప కండరం కదలికను పట్టే సెన్సర్‌తోనే. మీరు సాయం చేయాలనుకుంటున్న మనిషి ఒక్క వేలైనా కదపగలిగితే స్విచ్, కళ్లు తిప్పగలిగితే ఐ ట్రాకర్, ఇవి ఈఈజీ కంటే వేగం, చవక, నమ్మకం. బీసీఐ అవసరం ఎవరికి అన్న ప్రశ్నకు మీ థీసిస్ మొదటి పేజీలోనే జవాబుండాలి. కండరాలు క్రమంగా పనిచేయకుండా పోయే ఏఎల్ఎస్ జబ్బు ముదిరి కళ్లు కూడా అలసిపోయేవాళ్లకా, స్ట్రోక్ తర్వాత పడిపోయిన చేతికి మళ్లీ నేర్పడానికా? రెండోదైతే లెక్కే వేరు, అక్కడ వేగం ముఖ్యం కాదు. ఊహించుకున్న క్షణంలోనే చేతికి తొడిగిన యంత్రం కదలడం ముఖ్యం. స్ట్రోక్ వచ్చినవాళ్ల చేతి వ్యాయామానికి ఐఐటీ కాన్పూర్, బ్రిటన్‌లోని అల్స్టర్ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేసిన పని ఈ దారిలోదే. మన ఊళ్లలో పక్షవాతం వచ్చినవాళ్లు ఎంతమందో ఆలోచిస్తే, సినిమాటిక్ రోబో చేయి కంటే ఈ దారే మనకు ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

రికార్డింగ్ రోజు: నూనె, ఫ్యాను, జడ

ఇప్పుడు కొనొచ్చు, లేదా ఇంకా మంచిది, అరువు తెచ్చుకోవచ్చు. ఊరికే సిగ్నల్ ఎలా ఉంటుందో చూడాలంటే మన దేశంలోనే తయారయ్యే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ లాంటి చిన్న బోర్డు చాలు, ఒకట్రెండు చానళ్లతో కళ్లు మూసినప్పుడు వచ్చే ఆల్ఫా తరంగం చూసుకోవచ్చు. ప్రాజెక్టు స్థాయికి ఓపెన్‌బీసీఐ సైటన్ లాంటి ఎనిమిది చానళ్ల బోర్డు.

పాశ్చాత్య దేశాల గైడ్లలో రాయని సంగతి ఒకటి: కొబ్బరినూనె. పాల్గొనేవాళ్లకు ముందురోజే మెసేజ్ పెట్టండి, తలంటుకుని రండి, నూనె రాయొద్దు, కండిషనర్ వద్దు అని. నూనె తల మీద జెల్ అస్సలు పట్టదు. ఒత్తైన జుట్టు, జడ ఉన్నవాళ్లకు క్యాప్ పెట్టడానికి అరగంట ఎక్కువ కేటాయించండి, దువ్వెన పిడితో పాయలు తీసి చర్మం కనిపించాకే జెల్ వేయండి. ఇంపెడెన్స్, అంటే ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య కరెంటుకు ఉండే అడ్డు, పది కిలోఓమ్‌ల లోపు వస్తే బాగున్నట్టు. పని అయ్యాక తల కడుక్కోవడానికి నీళ్లూ తువ్వాలూ ఉండే గది చూసుకోండి, చిన్న విషయమే గానీ రెండోసారి వాళ్లు రావడం దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. ఫ్యాను రెగ్యులేటర్, ఇన్వర్టర్, ట్యూబ్‌లైట్ చోక్, అన్నీ సిగ్నల్లోకి వస్తాయి. ఫ్యాను ఆపితే చెమట, చెమట పడితే సిగ్నల్ మెల్లగా పైకీ కిందకీ ఊగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గది దొరకకపోతే ఉదయం ఆరింటికి పెట్టుకోండి, నేను అలాగే చేశా.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా స్నేహితుల తల మీద కూడా క్యాప్ పెట్టొద్దు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు నెట్‌లో దొరుకుతాయి, చదవండి. కమిటీ మీటింగులు తరచుగా జరగవు కాబట్టి దరఖాస్తు మొదటి నెలలోనే పెట్టాలి. అనుమతి పత్రం తెలుగులో రాయండి, అదీ మీ అమ్మమ్మకు చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో. "ఎలక్ట్రోఎన్సెఫలోగ్రఫీ పరీక్షకు స్వచ్ఛందంగా సమ్మతిస్తున్నాను" అని కాదు, "మీ తలకు టోపీ పెడతాం, జిగురు లాంటిది రాస్తాం, కరెంటు మీ ఒంట్లోకి పంపం, మీకు ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు తీసేస్తాం" అని. చదవలేనివాళ్లయితే సంబంధం లేని ఒక సాక్షి ఉండాలి. మాట రాని మనిషైతే కంటిరెప్పతో అవును, కాదు చెప్పించుకోవాలి, పక్కనున్న బంధువు "ఆయనకు ఇష్టమేనండీ" అంటే సరిపోదు.

రోబో వంతు

ఒక చిన్న లెక్క వేద్దాం. రెండు తరగతులు, 80 శాతం కచ్చితత్వం. బీసీఐ ఎంత సమాచారం పంపుతుందో లెక్కగట్టే వోల్పా సూత్రం ప్రకారం ఒక్కో ట్రయల్‌కు వచ్చే సమాచారం 0.28 బిట్. విరామంతో కలిపి ట్రయల్‌కు ఎనిమిది సెకన్లనుకుంటే నిమిషానికి రెండు బిట్లు. నిమిషానికి రెండు! ఇంత సన్నటి గొట్టంలోంచి ఆరేడు కీళ్ల రోబో చేయిని ఒక్కో కీలూ తిప్పుతూ నడపాలంటే గ్లాసు నీళ్లు అందేసరికి తెల్లారుతుంది.

అందుకే మెదడును అడగాల్సింది చాలా తక్కువ: ఏది కావాలి, మొదలుపెట్టనా, ఆపనా. మిగతాదంతా రోబో తలకాయ నొప్పి. దూరాన్ని కూడా కొలిచే డెప్త్ కెమెరా బల్ల మీది గ్లాసు, మందుల డబ్బా, ఫోన్ గుర్తిస్తుంది, ఒక్కోదాని పక్కన ఒక మిణుకు పెట్టె వస్తుంది, మనిషి ఒకదాన్ని చూస్తాడు, చేయి దారి తనే వెతుక్కుని తెచ్చిపెడుతుంది. దీన్నే షేర్డ్ కంట్రోల్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్‌లో హోసే మిల్లాన్ బృందం వీల్‌చైర్‌తో చేసింది ఇదే, మనిషి కుడి, ఎడమ అని చెబితే గోడలూ మనుషులూ తగలకుండా చూసుకునే పని కుర్చీది.

రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్, దానితో వాడే సిమ్యులేటర్ గజెబో నేర్చుకుని ముందు సిమ్యులేటర్‌లో నడపండి, లేదా పైబుల్లెట్ అనే సిమ్యులేటర్ ఇంకా తేలిక. బీసీఐకి రోబోకి మధ్య ఉండాల్సింది కేవలం మూడు నాలుగు ఆదేశాల సందేశం, దాన్ని ముందు కీబోర్డు బటన్లతో పరీక్షించండి. కీబోర్డుతోనే గ్లాసు అందుకోలేని రోబో మెదడుతో అందుకోదు. ఆ తర్వాత కీబోర్డు ఆదేశాల్లో కావాలని ఐదింట ఒకటి తప్పుగా పంపండి, మీ 80 శాతం బీసీఐ ఎలా ఉండబోతోందో ఈఈజీ లేకుండానే తెలిసిపోతుంది. నేను చెప్పినవాటిలో ఒక్కటే పాటిస్తామంటే ఇది పాటించండి.

ల్యాబ్‌లో "ఇప్పుడు ఊహించుకో" అని మనం చెబుతాం, ఇంట్లో ఎవరూ చెప్పరు. మనిషి టీవీ చూస్తుంటాడు, మనవడితో ఆడుకుంటుంటాడు, అప్పుడు చేయి తనంతట తను లేవకూడదు. కాబట్టి కచ్చితత్వంతో పాటు, ఏమీ అడగని పది నిమిషాల్లో రోబో ఎన్నిసార్లు పొరపాటున కదిలిందో లెక్కపెట్టి రాయండి. చాలా పేపర్లలో ఈ అంకె ఉండదు, మీ దాంట్లో ఉంటే రివ్యూయర్ ఆగి చదువుతాడు. వేగం తక్కువగా పెట్టండి, ఆపే బటన్ నిజమైన ఎర్ర బటన్ అయ్యుండాలి, పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి, కరెంటునే ఆపాలి.

కొత్త ఐడియాలు కావాలంటే రెండు వైపులు చూడండి. రోబో తప్పు చేస్తున్నట్టు కనిపించగానే చూసేవాళ్ల మెదడులో ఒక "అయ్యో" స్పందన వస్తుంది, 2017లో ఎంఐటీ, బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు బాక్స్టర్ రోబోను దానితోనే సరిదిద్దారు. రెండోది స్పర్శ. పిట్స్‌బర్గ్‌లో మెదడు చిప్ ఉన్న ఒకరికి రోబో వేళ్లకు తగిలింది మెదడుకు తెలిసేలా చేస్తే, వస్తువులు ఎత్తి పెట్టే సమయం సగానికి సగం తగ్గిందని 2021లో ప్రచురించారు. మూడోది కూడా ఒకటి చెబుతా. తిండి తినిపించే రోబోల మీద యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చాలా మంచి పని జరిగింది, కానీ ఆ చేయి పట్టుకునేది ఫోర్కు. పప్పన్నం కలిపి ముద్ద చేసి పెట్టే రోబో పని ఎవరికైనా కావాలంటే తీసుకోండి, ముద్ద ఎంత మెత్తగా ఉండాలన్నదే ఒక పీహెచ్‌డీ.

ల్యాబ్‌కి రాసేటప్పుడు

నెల రోజులు పైవి చేశాక ఏదైనా ల్యాబ్‌కి ఇంటర్న్‌షిప్ కోసం రాయాలనుకుంటే "బీసీఐ అంటే చిన్నప్పట్నుంచి ఆసక్తి" అని మొదలుపెట్టకండి, ఆ లైను వాళ్లు రోజుకు పదిసార్లు చదువుతారు. నాలుగు వాక్యాలు చాలు: ఏ డేటాసెట్, ఏ పద్ధతి, ఎంత వచ్చింది, ఎక్కడ ఆగిపోయారు. కోడ్ లింకు పెట్టండి. దాంతో పాటు ఒకే ఒక్క బొమ్మ జత చేయండి, 2ఏ డేటాసెట్‌లోని తొమ్మిది మందికీ మొదటి రోజుతో నేర్పి రెండో రోజు మీద వచ్చిన అంకెల కడ్డీలు. అందరికంటే తక్కువ వచ్చినవాళ్ల కడ్డీ కూడా అందులో ఉండాలి, పక్కనే ఎందుకు తక్కువ వచ్చిందో మీ అంచనా ఒక్క లైను.